మరుగున కారే నీరు

మన ఇళ్ళలో వంటయిల్లు వంటయిల్లే, పడకగది పడకగదే. కాని ఒక గది పేరు చెప్పవలసి వచ్చేసరికి మాత్రం ఎంతటి వక్తకైనా నోట తడి ఆరిపోతుంది. పెద్దలు పాయిఖానా అన్నారు. అది పారసీ మాట. పాయి అంటే పాదం, ఖానా అంటే ఇల్లు. చదువుకొన్నవారు లెట్రిన్ అన్నారు. అది లాటిను నుండి ఇంగ్లీషు మీదుగా వచ్చింది. మా హిందూపురం కన్నడదేశపు సరిహద్దు కావడంచేత ఇక్కడ కక్కసు అనే మాట గూడా చెవిని పడుతూ వుంటుంది. అది డచ్చివారి భాషనుండి దిగుమతి అయినదని భాషావేత్తలు తేల్చారు. ఇప్పటి పిల్లలు బాత్రూమ్ అని సరిపెట్టుకొంటున్నారు. మనది అని చెప్పుకోదగిన మాట మరుగుదొడ్డి. మరుగు అంటే చాటు.

పేరు మరుగున వుంటే వచ్చిన నష్టం ఏమీ లేదు. ఆ గదిలో జరిగే చెడుగు గూడా మరుగున పడిపోవడమే నష్టం. వంటింట్లో కుళాయి చుక్క చుక్క కారితే ఇంటిల్లిపాదీ గోల చేస్తాము. వరండాలో కారితే పక్కింటివారు గూడా వచ్చి సలహా చెబుతారు. మరుగుదొడ్డిలో నీళ్ళతొట్టి రాత్రింబవళ్ళు కారుతున్నా, తలుపు వేసి బయటికి వచ్చిన మనిషి ఆ సంగతి మళ్ళీ తలుచుకోడు. నలుగురిలో చెప్పుకోదగిన విషయం కాదు గదా! ఈ వ్యాసం దాన్ని గురించే. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వుతూనే కాస్త చదవమని మనవి.

బిందెల లెక్క

మా వూళ్ళో నీటి సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఇక్కడ కుళాయి విప్పితే ఎప్పుడంటే అప్పుడు నీళ్ళు రావు. వచ్చిననాడు ఇంటిముందు సంపులో పట్టుకొని, మోటారు వేసి మేడమీది తొట్టికి ఎక్కించుకొని, మళ్ళీ వచ్చేదాకా పొదుపుగా వాడుకోవాలి. అందుచేత మా ప్రాంతంలో గృహిణికి నెలజీతం లెక్కకంటే తొట్టి లెక్క ముఖ్యం.

ఒకనాటి సాయంకాలం మా ఆవిడ ఆ లెక్కతోనే వచ్చింది.

"ఏమండీ, పొద్దున నింపిన తొట్టి అప్పుడే అడుగంటింది. ఇంట్లో నలుగురమే. చుట్టాలు రాలేదు, పక్కలు ఉతకలేదు. ఈ నీళ్ళన్నీ ఎవరు తాగుతున్నట్టు?"

"అగస్త్యమహాముని వచ్చాడేమో," అన్నాను.

"వచ్చే వుంటాడు. స్నానాలగదికి అవతల వుంటాడు, పోయి చూడండి. రాత్రిళ్ళు స్‌... మని ఆయన జపం చేసుకొనే చప్పుడు వారంరోజులుగా నాకు వినబడుతూనే వుంది."

ఆ చప్పుడే మొదటి ఆధారం. తొట్టి నిండిన తరువాత నీరు లోపలికి రావడం ఆగిపోవాలి, చప్పుడూ ఆగిపోవాలి. ఆగలేదంటే వచ్చిన నీరు వచ్చినట్టే ఎక్కడికో పోతూ వున్నదన్నమాట. ఎక్కడికి పోతున్నదో కంటితో చూడడానికి ఒక సులువైన ఉపాయం వుంది. బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు తొట్టిలో వేసి, అరగంటసేపు ఎవరినీ ఆ వైపు పోనివ్వకూడదు. తరువాత వెళ్ళి చూస్తే, తొట్టి మంచిదైతే కింది పళ్ళెంలోని నీరు తెల్లగానే వుంటుంది. మా ఇంట్లో తెల్లని పింగాణీమీద సన్నని నీలపుగీత ఒకటి పైనుంచి కిందికి దిగి కనిపించింది. గీత పెన్సిలు మందం గూడా లేదు.

ఆ మాత్రానికి ఇంత హడావుడా అని పెద్దవాడు పెదవి విరిచాడు. అందుచేత లెక్క కట్టవలసి వచ్చింది. తొట్టిలోకి నీరు వచ్చే యాంగిల్ కాకు మూసివేసి, లోపలిగోడమీద నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీశాను. గంట తరువాత మట్టం 5 సెంటీమీటర్లు దిగింది. తొట్టి లోపలి పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 15. హెచ్చవేస్తే గంటకు 3 లీటర్లు; రోజుకు 72 లీటర్లు. మా ఆవిడకు లీటర్లు ఆనవు. బిందెకు పదిహేను లీటర్ల చొప్పున రోజుకు దాదాపు అయిదు బిందెలు అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"అయిదు బిందెలకు మా అమ్మ తెల్లవారుజామున లేచి దిగుడుబావికి అయిదుసార్లు దిగి ఎక్కేది," అంది చివరకు.

ఆ మాటముందు నా లెక్క వెలవెలబోయింది. అయినా మరి రెండు అంకెలు చెప్పడం నా ధర్మం. 2019లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన జల జీవన్ మిషన్, పల్లెలో ఒక్కొక్క మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని లక్ష్యం పెట్టుకొన్నది. పెన్సిలు మందం లేని ఆ నీలపుగీత ఒక మనిషి వాటాను మించి తాగేస్తున్నది. రెండవది వాన లెక్క. రెండు రుతుపవనాలకూ దూరమైన మా ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా. రెండున్నర సెంట్ల ఇంటికప్పు సుమారు నూరు చదరపు మీటర్లు. దానిమీద సంవత్సరమంతా పడే వాన, చుక్క పోకుండా పట్టుకోగలిగితే, 55 వేల లీటర్లు. మా తొట్టి సంవత్సరానికి కార్చేది 26 వేల లీటర్లకు పైచిలుకు. దేవుడు మా ఇంటికి ఏడాది పొడుగునా ఇచ్చే వానలో దాదాపు సగం, వాడుకోకుండానే మురుగులోకి పోతున్నదన్నమాట.

తొట్టి కడుపులో ఏముంది?

నీళ్ళతొట్టి మూత ఎత్తి చూచినవారు మనలో బహు తక్కువ. అందులో ఏదో గొప్ప యంత్రం వున్నదని భయం. నిజానికి మన చేతిగడియారంలో వున్నంత చిక్కు గూడా లేదు. తమాషా ఏమిటంటే, ఈ తొట్టి పుట్టుకలో ఒక కవికీ ఒక గడియారాలు చేసేవాడికీ చెయ్యి వుంది. ఇంగ్లండులో ఎలిజబెత్తు రాణికి ధర్మపుత్రుడైన సర్ జాన్ హారింగ్టన్ అనే కవి, నీటితో కడుక్కుపోయే మరుగుదొడ్డిని కల్పించి, 1596లో దాన్ని గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. లోకం నవ్వి వూరుకొన్నది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు, గొట్టాన్ని పాములా వంకర తిప్పి, ఆ వంకరలో ఎప్పుడూ కాస్త నీరు నిలిచేటట్టు చేసి, దుర్గంధం ఇంట్లోకి రాకుండా అడ్డువేశాడు. కవిగారి తొట్టికి గడియారపుపని చేసే చెయ్యి తగిలిన తరువాతగాని అది ఇంట్లో పెట్టుకోదగిన వస్తువు కాలేదు.

ఇప్పటి తొట్టిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది బంతి. తొట్టిలో నీరు పెరిగేకొద్దీ బంతి తేలి పైకి వస్తుంది. దానికి తగిలించిన కడ్డీ, నీరు వచ్చే రంధ్రాన్ని మూస్తుంది. దీన్నే బాల్ కాకు అంటారు. కొత్తరకం తొట్లలో బంతికి బదులు చిన్న డబ్బా నిటారుగా పైకీ కిందికీ జారుతుంది. పని మాత్రం అదే. రెండవది అడుగున వుండే రబ్బరు బిళ్ళ. మీట నొక్కితే అది లేస్తుంది, నీరు ఒక్కసారిగా దూకుతుంది; తొట్టి ఖాళీ కాగానే బిళ్ళ తన చోట కూర్చుంటుంది. పైన వున్న నీటి బరువే దాన్ని అదిమిపట్టి వుంచుతుంది. మూడవది నిలువుగా వుండే పొంగుగొట్టం. బంతి పాడై నీరు ఆగకపోతే, అది తొట్టి అంచు దాటి గదిలో పడకుండా ఈ గొట్టంలోనుంచి పళ్ళెంలోకి పోతుంది.

చూచారా, ఈ మూడవదే మన కళ్ళు కప్పేది! వరద రాకుండా కాపాడే మేలు చేస్తూనే, నీరు పోతున్న సంగతి మనకు తెలియకుండా దాస్తుంది.

అంగడిలో విన్న సూత్రం

మా వీధి చివర ఇనుపసామానుల అంగడి వుంది. అక్కడి పెద్దమనిషి చదివింది అయిదో తరగతే అయినా, నీటిగొట్టాల శాస్త్రంలో ఆయనకు డాక్టరేటు ఇవ్వవచ్చు. తొట్టి కారుతున్నదని చెప్పగానే ఆయన అడిగినది ఒక్కటే.

"యాడ కారతాంది సార్? పైననా, అడుగుననా, బయటనా?"

"అది చెప్పకపోతే?"

"చెప్తే యాభై రూపాయల పని. చెప్పకపోతే తొట్టి మొత్తం మార్చాల్సిందే అంటారు సార్, ఎవురొచ్చినా."

వ్యాకరణంలో గూడా అంతే. పదం ఎక్కడ విడదీయాలో తెలిస్తే సంధి సులభం. తెలియకపోతే సూత్రాలన్నీ వల్లించినా లాభంలేదు.

పైన కారుతున్నదా అంటే, నీటిమట్టం పొంగుగొట్టం నోటిదాకా వచ్చి అందులోకి జారుతున్నదా అని అర్థం. అయితే తప్పు బంతిది. బంతిని వూడదీసి చెవిదగ్గర పెట్టి ఆడిస్తే గుడగుడ చప్పుడు వస్తుందేమో చూడాలి. వస్తే దానికి చిల్లిపడి లోపలికి నీరు పోయిందన్నమాట, మార్చవలసిందే. చప్పుడు లేకపోతే కడ్డీని కాస్త కిందికి వంచినా, కొత్తరకంలో మరను కాస్త తిప్పినా, మట్టం దిగుతుంది. పొంగుగొట్టం నోటికి బొటనవేలి వెడల్పు కిందుగా నీరు ఆగిపోవాలి.

అడుగున కారుతున్నదా అంటే, మట్టం గొట్టం నోటిదాకా రాకుండానే నీలం పళ్ళెంలో దిగుతున్నదని అర్థం. తప్పు రబ్బరు బిళ్ళది, లేదా అది కూర్చునే గట్టుది. మా ఇంట్లో జరిగినది ఇదే. యాంగిల్ కాకు మూసి, మీట నొక్కి తొట్టి ఖాళీచేసి, మిగిలిన నీటిని గుడ్డతో అద్ది తీశాను. బిళ్ళమీద వేలితో రాస్తే తెల్లని గార చేతికి అంటుకొంది. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో ఇది మామూలు. ఆ నీటిలోని సున్నం పళ్ళకు గార పట్టినట్టు రబ్బరుకూ గట్టుకూ పడుతుంది. ఇసుకగింజంత గార చాలు, బిళ్ళ సరిగా కూర్చోకపోవడానికి.

గారను వదిలించడానికి మా ఆవిడ నిమ్మకాయ చెక్క తెచ్చి ఇచ్చింది. నిమ్మపులుసుకు సున్నం కరుగుతుందని ఇత్తడిసామాను తోమేవారికి వేరే చెప్పనక్కరలేదు. గట్టును నిమ్మచెక్కతో రుద్ది, పాత పళ్ళబ్రష్షుతో తోమి కడిగాను. ఇక్కడ ఒక హెచ్చరిక. గార తొందరగా పోతుందని గాఢమైన యాసిడ్ పోయకూడదు, రబ్బరు పాడవుతుంది. యాసిడూ బ్లీచింగుపొడీ ఒకచోట కలపనే కూడదు. అందులోనుంచి వచ్చే క్లోరిన్ వాయువు వూపిరితిత్తులను కాల్చివేస్తుంది, మూసిన చిన్నగదిలో ప్రాణానికే ముప్పు.

తుడిచిన తరువాత గూడా బిళ్ళ గట్టిపడి, అంచు వంకరపోయి వుంటే కొత్తది వెయ్యాలి. అంగడికి వట్టిచేతులతో వెళ్ళకుండా పాతబిళ్ళను జేబులో వేసుకొని వెళ్ళాలి. పదిరకాల కొలతలు వున్నాయి. నేను తీసుకొనిపోయిన బిళ్ళను పెద్దమనిషి వెలుతురుకు పెట్టి చూచి, "దీని పని అయిపాయె సార్," అని దానికి తోడు ఇచ్చాడు. ఖర్చు ఆయన చెప్పిన యాభైలోపే. పని అరగంట.

ఇక మూడవది, బయట కారడం. గోడదగ్గర కాకు, అక్కడినుంచి తొట్టికి పోయే కనెక్షన్ పైపు, తొట్టినుంచి పళ్ళేనికి దిగే గొట్టం, వీటి అతుకులలో ఎక్కడో ఒకచోట చుక్క దిగుతుంది. పైపు కొసలలో మెత్తని వాషర్ వుంటుంది. అది గట్టిపడితే మార్చాలి, అక్కడ టేపు చుట్టి లాభంలేదు. గోడలోకి పోయే మరకు మాత్రం టెఫ్లాన్ టేపు కావాలి. బిగించేటప్పుడు మర ఎటు తిరుగుతుందో టేపు గూడా అటే చుట్టాలి, లేకపోతే బిగిస్తూ వుంటే వూడివస్తుంది. చేతితో బిగించినంత బిగించి, పానాతో మరొక్క పావుచుట్టు తిప్పితే చాలు. బలం వున్నదిగదా అని బిగిస్తే పింగాణీ పగులుతుంది.

శాసనం చెప్పిన మాట

నేను రోజూ హిందూపురంనుంచి రైలులో పెనుకొండ వెళ్ళి పాఠం చెప్పి వస్తాను. తొట్టి బాగుచేసిన మరునాడు ప్రబంధసాహిత్యం చెప్పవలసిన తరగతిలో నీటి ప్రసంగం వచ్చింది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని అయిందని పిల్లలందరికీ తెలుసు. అంతకు ముందు సంగతి ఒకటి చాలామందికి తెలియదు. 1388లో, హరిహరరాయల కాలంలో, యువరాజు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో వుండగా వూరికి నీరు కావలసి వచ్చింది. పది విద్యలలో ఆరితేరిన సింగాయభట్టు అనే జలసూత్రకారుణ్ణి పిలిపించి, నదిని పెనుకొండకు తీసుకొని రమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. సింగాయభట్టు సిరువేర చెరువుదాకా కాలువ తవ్వించి, దానికి యువరాజు పేరుపెట్టి శాసనం వేయించాడు. ఆ శాసనం ఇప్పటి కర్ణాటకలో, మాకు పొరుగునే వున్న గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికింది. అందులో నదిపేరు హెన్నె. మన పాలు కన్నడంలో హాలు అయినట్టు, మన పులి హులి అయినట్టు, మన పెన్న హెన్నె అయింది.

యువరాజు ఆజ్ఞాపించి, పది విద్యలు తెలిసినవాడు పూనుకొంటేగాని మా వూళ్ళకు నీరు రాలేదన్నది అందులో గ్రహించవలసిన మాట. ఆరువందల ఏళ్ళు దాటినా ఆ కష్టం తీరిందని చెప్పలేము. పెన్న మావైపు ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకబాటే. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి ఇప్పుడు వచ్చేది కృష్ణనీరు. శ్రీశైలం వెనుకనీటినుంచి హంద్రీ-నీవా కాలువలో, మెట్టుమెట్టుకూ పంపులు ఎత్తిపోస్తూ వుంటే, వందల కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఆ జలాశయంనుంచే హిందూపురానికి గొట్టాలు వేశారు. అంత దూరం నడిచి, అన్ని మెట్లు ఎక్కి, మా మేడమీది తొట్టిదాకా వచ్చిన కృష్ణమ్మ, ఆఖరుకు ఒక గార పట్టిన రబ్బరుబిళ్ళ చేతిలో ఓడిపోతున్నది.

ఇంకొక శాసనం గూడా చెప్పాను. కడపజిల్లా పోరుమామిళ్ళ చెరువుకట్ట దగ్గర వున్నది, 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయి మంది కూలీలతో, నూరు బండ్లతో రెండేళ్ళు శ్రమించి కట్టించిన చెరువు అది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, చెరువుకు పట్టే దోషాలు ఆరు అని ఆ శాసనం వరసగా చెబుతుంది. ఉప్పునేల ఒక దోషం. నీరు చాలకపోవడం ఒక దోషం. కాని ఆరింటిలో మొదట చెప్పినది ఏమిటో తెలుసా? కట్టలోనుంచి నీరు వూరడం. నీరు తక్కువ కావడంకంటే ముందు, వున్న నీరు కారిపోవడాన్ని పెద్దలు లెక్కకు తెచ్చుకొన్నారు.

"చెరువుకు చెప్పింది మన ఇంటి తొట్టికి ఎట్ల వర్తిస్తుంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"మీ ఇంట్లో నీలిమందు వుందా?" అని అడిగాను. మరునాటికి తరగతిలో వున్న ముప్పయిమందిలో ఏడుగురు తమ తొట్టి గూడా కారుతున్నదని చెప్పారు.

ధర్మవరంలో గుంతమగ్గం

ఈ సంగతి రైలుతోపాటే ముందుకు పోయింది. పెనుకొండ తరువాత పెద్దవూరు ధర్మవరం, పట్టుచీరెల వూరు. నా దగ్గర బి.ఏ. చదివిన ఒక అబ్బాయి అక్కడ వున్నాడు. పట్టా పుచ్చుకొని ఉద్యోగానికి రెండేళ్ళు తిరిగి, చివరకు తండ్రి మగ్గంలోనే కూర్చున్నాడు. వాళ్ళది గుంతమగ్గం. నేతగాడు నేలమట్టంమీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి తొక్కుళ్ళు తొక్కాలి.

అతను ఫోనుచేసి, "సార్, మా తొట్టి కారేది లేదు, నీలిమందు వేసి చూసినా. కాని గుంతలో చెమ్మ వూరతాంది. మూడు నెలలైంది. వానకాలం పోయినా ఆరలేదు," అన్నాడు.

ఆదివారంనాడు వెళ్ళి చూచాను. ఒకే గోడ, దానికి ఇటు మగ్గం, అటు ఈ మధ్య కట్టుకొన్న మరుగుదొడ్డి. గుంతలో మట్టిగోడ చేతికి చల్లగా తగిలింది. చెమ్మకు పట్టు పోగు సడలుతుంది. మగ్గంమీద వున్న పడుగు అతనిది కాదు.

"పట్టు షావుకారిది, మగ్గం మాది. చీరె చెడితే నష్టం గూడా మాదే సార్. వానకు తడిస్తే దేవుణ్ణి తిట్టుకోవచ్చు. ఇంట్లోనే తడిస్తే ఎవురిని తిట్టాల?" అన్నాడు.

నీలం పళ్ళెంలో దిగలేదంటే తొట్టి అడుగు మంచిదే. అప్పుడు బయటి అతుకులు చూడాలి. దానికి ఉపాయం పాత వార్తాపత్రిక. అతుకులన్నీ గుడ్డతో పొడిగా తుడిచి, ఒక్కొక్క అతుకు చుట్టూ పొడికాగితం చుట్టి, తొట్టిలో నీలం వేసి వుంచాము. ఏ కాగితం ముందు తడిస్తే దోషం అక్కడ. ఆ తడి నీలంగా వుంటే నీరు తొట్టిలోనుంచి దిగుతున్నది. తెల్లగా వుంటే తొట్టిలోకి పోకముందే కారుతున్నది. పావుగంటలో కనెక్షన్ పైపు పైకొస దగ్గర కాగితం తడిసింది, తెల్లగానే. అక్కడి వాషర్ ఎండిన తోలులా గట్టిపడి వుంది. దానినుంచి చుక్క గోడవెంబడి జారి, గచ్చు పగుల్లోకి దిగి, పునాది పక్కనే గుంతలో తేలుతున్నది. నేలమీద పడితే కంటికి కనబడేది. గోడ తాగింది గనుక మూడునెలలు ఎవరికీ తెలియలేదు.

వాషర్ మార్చి, గచ్చు పగుల్ని తెల్లసిమెంటుతో పూడ్చాడు. పదిరోజులకు ఫోనుచేసి గుంత పొడిబారుతున్నదని చెప్పాడు. ఆ పడుగుమీది చీరెలు చెడకుండా దిగాయట.

చెయ్యి పెట్టకూడని చోటు

మన చేతితో చేసుకోదగిన పని ఎంతవరకో గూడా చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. పళ్ళెం అడుగున, నేలతో కలిసేచోట తడి కనిపించి, దానికి దుర్వాసన తోడైతే అది మంచినీరు కాదు, మురుగు. అప్పుడు అంచుచుట్టూ సిమెంటు పూసి చేతులు దులుపుకోకూడదు. మురుగు లోపలే నిలిచి నేలలోకి దిగుతుంది. పళ్ళెం లేవదీసి అతుకు మళ్ళీ వెయ్యవలసిందే. అది పని తెలిసిన మేస్త్రీ చెయ్యాలి.

మరొక ముఖ్యమైన సంగతి. మా వూళ్ళలో చాలా ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకే గతి. అందులోకి వచ్చిన మురుగు ఒక రోజో రెండు రోజులో కదలకుండా వుంటేనే మడ్డి అడుగుకు దిగుతుంది. కారే తొట్టి పగలూ రాత్రీ మంచినీటిని దానిలోకి పంపుతూ వుంటే మడ్డికి దిగే వ్యవధి వుండదు. ఇంకుడుగుంత నానిపోయి నీరు పీల్చుకోదు. ట్యాంకు పొంగిందని ఎవరినో పిలుస్తాము. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 నాటి చట్టం నిషేధించిన నేరం. ఆ విషవాయువుకు దిగినవారు దిగినట్టే ప్రాణాలు వదిలిన వార్తలు ఇప్పటికీ పత్రికలలో వస్తూనే వున్నాయి. యంత్రం వున్న బండినే పిలవాలి. యాభై రూపాయల బిళ్ళ సకాలంలో మారిస్తే ఆ బండిని పిలిచే రోజు గూడా వెనక్కి జరుగుతుంది.

నీళ్ళు కారడం చిన్నవిషయమని అనుకొనేవారు మా హిందూపురంలోగాని, ధర్మవరంలోగాని ఒక్క వేసవి గడిపి చూడాలి. అంతదూరం రాలేనివారికి ఒక చిన్న మనవి. ఈ రాత్రి ఇంట్లో అందరూ పడుకొన్న తరువాత, మీ మరుగుదొడ్డి తొట్టి మూత ఎత్తి నాలుగు చుక్కల నీలిమందు వెయ్యండి. పొద్దున్నే లేచి, ఎవరూ మీట నొక్కకముందే వెళ్ళి చూడండి. పళ్ళెంలో నీరు తెల్లగా వుంటే సంతోషం. నీలంగా వుంటే పాతబిళ్ళ జేబులో వేసుకొని అంగడికి బయలుదేరండి.